బాత్రూమ్ కింద చెమ్మ: విదేశీ వీడియోల్లో మనకు పనికొచ్చేది ఏది?

పై అంతస్తు బాత్రూమ్ కింద సీలింగ్‌కి చెమ్మ వస్తోందనీ, అమెరికా వీడియోల్లోలా టైల్స్ వెనక సిమెంట్ బోర్డులు కొట్టించాలా అనీ అడిగారు. అక్కర్లేదండీ. అక్కడ ఇళ్లు చాలావరకు చెక్క ఫ్రేములవి, అందుకే ఆ బోర్డులు. మీది కాంక్రీటు శ్లాబు, ఇటుక గోడ.

వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది వాటం సంగతి. మనవాళ్లు టైల్స్‌కి వాటం ఇస్తారు గానీ కింద వాటర్‌ప్రూఫింగ్ పొరను చదునుగా వదిలేస్తారు. టైల్స్, వాటి సందుల్లో నింపే గ్రౌట్ నీటిని పూర్తిగా ఆపవు. కిందికి దిగిన నీరు పోయే దారి లేక అక్కడే నిలిచిపోతుంది. అమెరికాలో షవర్ దగ్గర ఆ పొర కిందే అడుగుకి పావు అంగుళం వాటం ఇస్తారు. ఆస్ట్రేలియాలో డ్రెయిన్ పైపుకి ఫ్లాంజ్ అనే వెడల్పు అంచు ముక్క బిగించి, పొరను దాని మీదికి అతికిస్తారు. షవర్ గోడకైతే ఆ పొరను 1800 మిల్లీమీటర్ల ఎత్తు దాకా వేస్తారు. మా ఇంట్లో లీకు సరిగ్గా నానీ ట్రాప్ (నేలలో నీళ్లు పోయే డ్రెయిన్) చుట్టూనే. మేస్త్రి రెండుసార్లు టైల్స్ మార్చాడు, డబ్బు దండగ!

బాత్రూమ్ కొన్ని రోజులు వాడకపోయినా చెమ్మ తగ్గలేదంటే ముందు నీళ్లొచ్చే పైపుని అనుమానించండి. అది కాదని తేలాక టైల్స్ తీయించి, వాటం చేయించి, సిమెంట్-పాలిమర్ వాటర్‌ప్రూఫింగ్ పూత రెండు కోట్లు వేయించండి. మూలల్లో ఫైబర్ మెష్ (జాలీ గుడ్డ) తప్పనిసరి. పూత బాగా ఆరాక డ్రెయిన్ మూసి 24 గంటలు నీళ్లు నిలబెట్టండి. కింద సీలింగ్ పొడిగా ఉంటేనే టైల్స్. మేస్త్రి తొందరపెడతాడు, ఒప్పుకోకండి.