సమాధానం: బ్యాక్టీరియా ఇటుక పైన గట్టి, లోపల పొడి ఇసుక

బ్యాక్టీరియాతో ఇసుకను అతికించి ఇటుక చేయబోతే, పైన అంగుళం మందాన పెచ్చు కట్టి, లోపల ఇసుక పొడిపొడిగా రాలిపోతోందన్నారు కదా, అది బ్యాక్టీరియా తప్పు కాదండి. స్పోరోసార్సినా పాశ్చురీ అనే ఆ బ్యాక్టీరియాని, యూరియాని, కాల్షియం క్లోరైడ్‌ని మీరు ఒకేసారి కలిపి పోశారు. దాంతో ఇసుకను అతికించే కాల్షియం కార్బొనేట్ (సున్నపురాయిలో ఉండే పదార్థం) పైనే పేరుకుని దారి మూసేసింది. ఈసారి ముందు బ్యాక్టీరియా ద్రవం ఒక్కటే పట్టించి కొన్ని గంటలు వదిలేయండి, ఇసుక రేణువులకు అంటుకుంటుంది. తర్వాత మిగతా రెండూ కలిపిన నీళ్లు, గాఢత 0.5 మోలార్ (లీటరుకు అర మోల్) దాటకుండా, అడుగు నుంచి నెమ్మదిగా ఎక్కించండి, సెలైన్ పెట్టినట్టు. తొందరపడితే మళ్లీ అదే కథ. ఒక్కసారితో కాదు, రోజుల తరబడి ఎక్కించాలి. బంకమట్టి లేని, కాస్త గరుకు ఇసుకే వాడండి. పని జరుగుతుంటే యూరియా విరిగి వచ్చే అమ్మోనియా ఘాటుకి ముక్కుపుటాలు అదిరిపోతాయి, కిటికీలు తీసి పెట్టుకోండి! బయటికొచ్చే నీళ్లలో అమ్మోనియం ఉంటుంది, కాలవలో పారబోయకండి.