హెలికాప్టర్ సముద్రంలో పడితే సొరచేపలు వదలవా?

ప్రశ్న: మాది కాకినాడ. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. హెలికాప్టర్ పైలట్ అయి సముద్రంలో ఆయిల్ రిగ్గులకు నడుపుతానంటున్నాడు. నీళ్లలో పడినవాళ్లను సొరచేపలు ఎలా పీక్కుతింటాయో వీడియోల్లో చూశాక నాకు నిద్ర పట్టడం లేదు. మాన్పించమంటారా?
– ఓ తల్లి

జవాబు: అమ్మా, ముందు సొరచేపల సంగతి తేల్చేద్దాం. ఫ్లోరిడా మ్యూజియంలో సొర దాడుల లెక్కలు రాసిపెడతారు. ఈతగాళ్లు, సర్ఫింగ్ చేసేవాళ్లు అందరినీ కలిపినా, మనిషి కవ్వించకుండా సొర కరిచిన ఘటనలు మామూలుగా ప్రపంచం మొత్తమ్మీద ఏడాదికి వందలోపే. కరిపించుకున్నవాళ్లలో ఎక్కువమంది బతుకుతారు కూడా. సొరపిట్టు ఇష్టంగా తినే మీ ఊరిని చూసి ఆ చేపే భయపడాలి!

అలాంటి వీడియోల్లో తరచూ కనిపించేది అమెరికా యుద్ధనౌక ఇండియానాపోలిస్ కథ. 1945లో అది మునిగాక దాదాపు 900 మంది నీళ్లలో తేలారు, 316 మందే బతికారు. సొరలు కొందరిని చంపిన మాట నిజమే. కానీ నాలుగు రోజుల దాకా వాళ్లకోసం ఎవరూ రాలేదు. దాహం, ఎండ, గాయాలు, ఉప్పునీళ్లు తాగడం కలిసి ఎంతోమందిని తీసుకుపోయాయి. రిగ్గుకు వెళ్లే హెలికాప్టర్ అలా కాదు. రేడియోలో పలకడం మానేస్తే వెంటనే వెతుకులాట మొదలవుతుంది.

మీరు భయపడాల్సింది వేరే ఉంది, దాచను. హెలికాప్టర్‌కు ఇంజిన్లు, గేర్‌బాక్స్, రోటర్ అన్నీ నెత్తిమీదే. నీళ్లలో దిగితే అలలకు తలకిందులైపోతుంది. అది తిరగబడకుండా ఉండేందుకే గాలితో ఉబ్బే ఫ్లోట్లు పెడతారు. 2022 జూన్‌లో ముంబై హై అనే సముద్ర చమురు క్షేత్రంలో సాగర్ కిరణ్ రిగ్గు దగ్గర 9 మందితో వెళ్తున్న హెలికాప్టర్ సముద్రంలో పడింది. ఫ్లోట్లు తెరుచుకున్నా, సహాయానికి నౌక వచ్చినా నలుగురు చనిపోయారు. అందులో సొరల పాత్ర ఏమీ లేదు.

అందుకే ఈ వృత్తిలో అసలు పరీక్ష హ్యూయెట్, అంటే నీట మునిగిన హెలికాప్టర్ నుంచి తప్పించుకునే శిక్షణ. హెలికాప్టర్ క్యాబిన్ లాంటి డొల్లలో బెల్టుతో కట్టి, ఈతకొలనులో ముంచి తిప్పేస్తారు. ముక్కులోకి నీళ్లు, ఏది పైనో ఏది కిందో తెలీదు. క్యాబిన్ కదలిక ఆగేదాకా కూర్చునే ఉండాలి. ఒక చెయ్యి కిటికీ అంచు వదలకూడదు. కిటికీ తోశాకే బెల్టు విప్పాలి. లైఫ్ జాకెట్‌ను లోపల ఉండగా ఉబ్బించకూడదు. ఉబ్బిస్తే అదే మనిషిని పైకి నెట్టి లోపలే ఇరికిస్తుంది. బయటికొచ్చాక తెప్పలోకి ఎక్కాలి. ఆ కాస్త సొర భయానికి కూడా మందు అదే. రక్షించడానికి వచ్చిన హెలికాప్టర్ పైనుంచి వించ్ తాడు దింపితే, కొక్కెం నీటిని తాకేదాకా పట్టుకోకూడదు. ఆ హెలికాప్టర్‌లో పోగైన స్థిర విద్యుత్తు షాక్ కొడుతుంది. ఇవన్నీ చేతికి అలవాటయ్యేదాకా నేర్పిస్తారు.

కాబట్టి మీవాణ్ని అడగాల్సింది ఒకటే: ఈత వచ్చా? రాకపోతే ఈ వేసవిలోనే చేర్పించండి. తల నీళ్లలో ఉంటే కంగారుపడే మనిషైతే ఇప్పుడే తెలిసిపోతుంది.

ఇక దారి. సివిల్‌లో డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చే కమర్షియల్ హెలికాప్టర్ లైసెన్సుకు 150 గంటల ఫ్లయింగ్ కావాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. లైసెన్స్ రాగానే రిగ్గుల ఉద్యోగం దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ సీట్లలో సైన్యం నుంచి వచ్చిన అనుభవజ్ఞులు చాలామంది ఉంటారు. అందుకే నా ఓటు ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ద్వారా నేవీకి, లేదా డిగ్రీ చేసి కోస్ట్‌గార్డ్‌కు. నేవీ హెలికాప్టర్ పైలట్లకు అరక్కోణంలోని ఐఎన్‌ఎస్ రాజాలి నౌకాదళ స్థావరంలో ప్రభుత్వ ఖర్చుతోనే నేర్పిస్తారు. నీటి అడుగున తప్పించుకునే శిక్షణ కేంద్రం కొచ్చిలో ఉంది.

సివిల్ దారే కావాలని పట్టుబడితే, ఫ్లయింగ్ స్కూలుకు ఒక్క రూపాయి కట్టకముందు డీజీసీఏ గుర్తింపున్న డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్ అనే వైద్య పరీక్ష చేయించండి. రంగులు గుర్తించడంలో లోపం ఉంటే అక్కడే బయటపడుతుంది.