పాఠకుల ప్రశ్నలు – జవాబులు: రాయల్ ఎన్‌ఫీల్డ్ నుంచి మన రోడ్లకు ఎలాంటి బండి రావాలి?

రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ ఇకముందు ఎలాంటి బండి తేవాలని కోరుకుంటున్నారో రాయమని గత సంచికలో అడిగాం. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే కోరికను పలువురు రాసినచోట ఒక ఉత్తరాన్నే ఇక్కడ తీసుకున్నాం. కొన్ని కోరికలను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను, కొన్నిటిని ఒప్పుకోలేకపోయాను. అందుకు కారణాలు ఆయా జవాబుల్లోనే ఉన్నాయి.

ప్రశ్న: హిమాలయన్ బండి అంటే నాకు ప్రాణం, కాని 450 ధర మాలాంటి వాళ్లకు అందేది కాదు. మా పొలానికి వెళ్లే దారి సగం కేసీ (కర్నూలు–కడప) కాలువ గట్టు, సగం రాళ్ల బాట. 350 ఇంజిన్‌తో హిమాలయన్ తెమ్మని అడగడం సబబేనా?
– ఒక రైతు, మైదుకూరు

జవాబు: ఈసారి వచ్చిన కోరికలన్నిటిలో నాకు ఎక్కువ న్యాయంగా తోచింది ఇదే కాబట్టి ముందుగా దీన్నే తీసుకున్నాను. 2016లో వచ్చిన మొదటి హిమాలయన్‌కు 411 సీసీ ఇంజిన్ ఉండేది. దాని శక్తి 24 హార్స్‌పవర్ చిల్లరే అయినా, 32 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) నాలుగు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దరిదాపుల్లోనే అందేది కాబట్టి, గట్టు మీద రెండో గేరులో మాటిమాటికీ క్లచ్ నొక్కకుండా నిదానంగా పోవడానికి వీలుండేది. 2023 నవంబరులో దాని స్థానంలో వచ్చిన 450 పూర్తిగా వేరే జాతి బండి. నీటితో చల్లబడే 452 సీసీ ఇంజిన్, 40 హార్స్‌పవర్, ఆరు గేర్లు. హైవే మీద గాని, ఘాట్ రోడ్డులో గాని పాత బండి దీనికి సాటి రాదు. అయితే ఊరికీ పొలానికీ మధ్య తిరిగే మనిషికి ఆ శక్తిలో సగం కూడా వాడకంలోకి రాదు, డబ్బు మాత్రం మొత్తానికీ కట్టాలి.

దీనికి తోడు పన్ను ఒకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. 350 దాటిన వాటి మీద సెస్సుతో కలిపి 31 శాతంగా ఉన్నది 40కి ఎక్కింది. పన్ను వేయకముందు రెండు లక్షల ధర ఉన్న రెండు బళ్లను పక్కపక్కన పెట్టి లెక్క చూడండి. 350 లోపు దానికి 36 వేలు, పైదానికి 80 వేలు పన్ను పడుతుంది. లైఫ్ ట్యాక్సూ ఇన్సూరెన్సూ కలవకముందే 44 వేల తేడా వచ్చేసింది. మీ కోరికకు అసలైన బలం ఈ లెక్కలోనే ఉంది.

పైగా ఇందుకోసం కంపెనీ కొత్త ఇంజిన్ తయారు చేయనక్కరలేదు. 2020 చివరలో మీటియర్‌తో మొదలై, తరువాత క్లాసిక్, హంటర్, బుల్లెట్‌లకూ వచ్చిన 349 సీసీ ఇంజిన్ వాళ్ల చేతిలోనే ఉంది. అది 20 హార్స్‌పవర్ శక్తినీ, నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర 27 న్యూటన్ మీటర్ల టార్క్‌నూ ఇస్తుంది. గట్టుదారికి అది చాలు. చేయవలసిన పనంతా ఛాసిస్‌లో, షాక్ అబ్జార్బర్లలో ఉంది. పాత హిమాలయన్‌కు 21 అంగుళాల ముందు చక్రమూ, నేలకూ ఇంజిన్‌కూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎత్తూ ఉండేవి. క్లాసిక్‌కు ఆ ఎత్తు 170 మాత్రమే కాబట్టి, ఎద్దుల బండి గాళ్లు పడిన బాటలో నడుమ గట్టు ఇంజిన్ అడుగుకు తగులుతుంది.

అయితే మీ ఉత్తరంలో లేని ఒక మాటను మీ కోరికకు చేర్చమని అడుగుతున్నాను. అది బరువు. పాత హిమాలయన్ 199 కిలోలు, కొత్తది 196. చినుకు పడిన నల్లరేగడిలో గట్టు మీద ఒరిగిపోయిన బండిని ఒంటరిగా లేపవలసి వచ్చినప్పుడు ఆ బరువు ఎంతో తెలుస్తుంది. హ్యాండిల్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, నడుమును సీటుకు ఆనించి, కాళ్లతో వెనక్కు నెట్టుకుంటూ లేపాలి. ఇంచుమించు అంతా లేచాక మడమ కింద బంక మట్టి జారితే బండి మళ్లీ మొదటికే వస్తుంది. ఆ 349 ఇంజిన్‌కు ఇంచుమించు సమానమైన శక్తి ఉన్న హీరో ఎక్స్‌పల్స్ 200 బరువు 160 కిలోల లోపే. ఇదే 349 ఇంజిన్ ఉన్న హంటర్‌ను 181 కిలోలలో తెచ్చిన కంపెనీ, గట్టుదారి బండిని కూడా 180 దాటకుండా తేవాలని మనం గట్టిగా అడగవచ్చు. వెనుక క్యారియర్ కూడా 45 కిలోల యూరియా బస్తాను మోసేంత గట్టిగా ఉండాలి. పర్యాటకుల సంచుల కోసం చేసిన సన్న గొట్టాల క్యారియర్ మీ పనికి నిలవదు.

ఇలాంటి బండి వస్తే కుర్రకారు దాన్ని నల్లమల లోపలి బాటలకు తోలుకుపోతారన్న భయం నాకు లేకపోలేదు. అది పులుల అభయారణ్యం. అనుమతి ఉన్న రోడ్డు దిగి లోపలికి పోవడం నేరం, ఏ బండికైనా ఇది వర్తిస్తుంది.

ప్రశ్న: కిక్ రాడ్, కుడివైపు గేరు, ఆ పాత శబ్దం, ఈ మూడూ ఉన్న బుల్లెట్‌ను మళ్లీ తయారు చేస్తే ఇప్పుడే డబ్బు కడతాను. ఎందుకు చేయరు?
– పదవీ విరమణ చేసిన ఉద్యోగి, డోన్

జవాబు: మీ మమకారాన్ని గౌరవిస్తున్నాను. పాయింట్లు (స్పార్కు కోసం కరెంటును కలిపి తెంచే కొనలు) ఉన్న పాత బుల్లెట్‌ను స్టార్ట్ చేయడం ఒక విద్య. తాళం తిప్పి, కిక్‌ను మెల్లగా తొక్కుతూ, కరెంటు చూపే అమ్మీటర్ ముల్లు నడిమికి వచ్చిన చోట ఆగి, సిలిండర్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లివర్ నొక్కి, కిక్‌ను ఇంకాస్త కిందికి జరిపి, లివర్ వదిలి, అప్పుడు నిండుగా ఒక తన్ను తన్నాలి. ఆ వరుస తప్పితే కిక్ ఎదురు తన్ని కాలిపిక్క పట్టేసేది.

కాని ఇప్పుడు కిక్ ఉన్నా అది అప్పటి పని చేయలేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన బళ్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలును తోసే పంపూ, దాన్ని నడిపించే కంప్యూటరూ బ్యాటరీ మీదే పనిచేస్తాయి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కిక్ ఎంత తన్నినా పంపు తిరగదు. బ్యాటరీ కొంచెం నీరసించినప్పుడు, సెల్ఫ్ మోటారు తిరగకపోయినా పంపుకు చాలినంత కరెంటు మిగిలి ఉంటే మాత్రం కిక్ ఆదుకుంటుంది. ఆ మేరకు మీ కోరిక సరైనదే. కుడి గేరును మాత్రం నేను కోరుకోను. ఒక ఇంట్లో రెండు బళ్లుంటే, ఒకదానికి బ్రేకు ఉన్నచోట మరోదానికి గేరు ఉండడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. శబ్దం కోసం బయట దొరికే సైలెన్సర్ బిగించే ఆలోచన ఉంటే దాన్ని మానుకోండి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అమరికను అలా మార్చడం చెల్లదు.

ప్రశ్న: డీజిల్ బుల్లెట్ మళ్లీ వస్తుందా?
– ఆదోని పాఠకుడు

జవాబు: రాదు. టారస్ అనే ఆ బండికి 325 సీసీ డీజిల్ ఇంజిన్ ఉండేది, శక్తి ఆరున్నర హార్స్‌పవర్. వేగం లేకపోయినా లీటరుకు ఇచ్చే మైలేజీ వల్లా, డీజిల్ చవక కావడం వల్లా పల్లెల్లో దాన్ని ఇష్టపడి కొన్నారు. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక ఆ చవకదనం చాలావరకు పోయింది. నేటి కాలుష్య నిబంధనలకు తగినట్టు మసినీ నైట్రోజన్ వాయువులనూ వడకట్టే సామగ్రిని ఒంటి సిలిండర్ బండికి తగిలిస్తే, దాని ఖర్చు ముందు మిగిలే ఇంధనం ఏపాటిది? ఈ కోరికను వదులుకోవడమే మంచిది.

ప్రశ్న: నెలకు రెండు మూడుసార్లు గుత్తి నుంచి బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద క్లాసిక్ 350లో వెళ్తాను. ఆరో గేరు ఉంటే వందలో కూడా ఇంజిన్ హాయిగా తిరిగేది కదా. కంపెనీని ఇది అడగవచ్చా?
– ప్రైవేటు ఉద్యోగి, గుత్తి

జవాబు: అడగవచ్చు గాని, దాని వల్ల మీరు ఆశించిన హాయి దక్కదని నా అభిప్రాయం. బండి వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళ్లడం అంటే వేగం నాలుగో వంతు పెరగడమే, గాలికి పెట్టవలసిన శక్తి మాత్రం దాదాపు రెట్టింపు అవుతుంది. 20 హార్స్‌పవర్ ఇంజిన్‌కు వందలో మిగులు శక్తి కొద్దిగానే ఉంటుంది. అక్కడ ఇంకా పొడవైన గేరు వేస్తే ఇంజిన్ తిరుగుడు తగ్గి, ఆ మిగులు కూడా పోతుంది. పెనుకొండ దగ్గర చిన్న ఎత్తు వచ్చినా, ఎదురుగాలి కొట్టినా మీరు మళ్లీ ఐదుకు దిగవలసిందే. 2025లో వచ్చిన స్క్రామ్ 440కి కంపెనీ ఆరో గేరు ఇచ్చిందంటే, 443 సీసీ ఇంజిన్‌కు దాన్ని లాగే ఓపిక ఉంది కాబట్టి ఇచ్చింది.

ఆ దూరానికి అసలు తగినది 648 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్. 47 హార్స్‌పవర్, 52 న్యూటన్ మీటర్లు, ఆరు గేర్లు ఉన్న ఆ ఇంజిన్ వందలో అలసట లేకుండా తిరుగుతుంది. దాని మీద పన్ను 40 శాతం అన్నది నిజమే కాబట్టి, అదే ఇంజిన్ ఉన్న, బాగా చూసుకున్న పాత ఇంటర్‌సెప్టర్ దొరికితే చూడండి. క్లాసిక్‌తోనే సాగాలంటే 85 దగ్గర నిలకడగా పోవడం, ఛాతీకి గాలి కొట్టకుండా అద్దం బిగించుకోవడం ఆరో గేరు కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

ప్రశ్న: నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. బుల్లెట్ నడపాలని ఎంతో ఇష్టం, కాని ఎక్కి కూర్చుంటే మునివేళ్లే నేలకు అందుతాయి. ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక మోడల్ చేయరాదా?
– లెక్చరర్, అనంతపురం

జవాబు: ఆడవాళ్ల కోసం ప్రత్యేకమని చేసే బళ్లకు ఇంజిన్ చిన్నదీ రంగులు ఎక్కువా అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, పొట్టివాళ్లు ఎవరైనా ధైర్యంగా నడపగలిగే బండి కావాలని అడగమంటాను. సీటు ఎత్తు క్లాసిక్‌కు 805 మిల్లీమీటర్లు, హంటర్‌కు 790, మీటియర్‌కు 765. సూపర్ మీటియర్ 650కి 740 మాత్రమే గాని, ఆ బండి బరువు 241 కిలోలు. పాదం అందినా, షోరూం ముందు వాలులో దాన్ని వెనక్కు జరపడం కష్టమవుతుంది. ప్రస్తుతానికి మీరు మీటియర్, హంటర్ రెండూ ఎక్కి చూడండి. కాగితం మీద ఎత్తు ఎంతన్నదే కాకుండా, సీటు ముందుభాగం ఎంత వెడల్పు ఉందో కూడా చూడాలి. అక్కడ సన్నగా ఉంటే కాళ్లు నిటారుగా దిగి పాదం అందుతుంది. మనం కోరవలసింది 750 ఎత్తు, 170 కిలోల లోపు బరువు ఉన్న 350 బండి. అది వస్తే మీకే కాదు, మా ఇంట్లో బండి ఎక్కడానికి జంకే పెద్దవాళ్లకూ పనికొస్తుంది.

ప్రశ్న: మా వైపు కంపముళ్లతో పంక్చర్లు తప్పవు. వైరు చక్రాల అందం పోకుండా ట్యూబ్‌లెస్ టైర్లు ఇవ్వలేరా?
– రాయచోటి పాఠకుడు

జవాబు: ఇవ్వగలరు, ఇచ్చారు కూడా. 2024లో హిమాలయన్ 450కి ట్యూబ్‌లెస్ వైరు చక్రాలను అదనపు ధరకు తెచ్చారు, అదే ఏడాది నవంబరులో వచ్చిన గోవన్ క్లాసిక్ 350కి కూడా అలాంటివే పెట్టారు. మామూలు వైరు చక్రంలో ప్రతి పుల్లా రిమ్ముకు చిల్లు వేసుకుని లోపలికి వస్తుంది కాబట్టి గాలి నిలవడానికి ట్యూబు తప్పదు. హిమాలయన్ చక్రంలో పుల్లలను రిమ్ము అంచులకు బిగించారు కాబట్టి గాలి ఉండే గది మూసి ఉంటుంది.

తేడా తెలియాలంటే గువ్వలచెరువు ఘాటులో వెనుక చక్రం పంక్చరైందని అనుకోండి. ట్యూబున్న బండి గాలి ఒక్కసారిగా దిగుతుంది, చక్రం ఊడదీయాలి, చైను వదులు చేయాలి, టైరు లివర్లు కావాలి. ట్యూబ్‌లెస్‌లో ముల్లు గుచ్చుకున్నా గాలి మెల్లగా తగ్గుతుంది. ముల్లు పీకి, జిగురు పట్టించిన రబ్బరు పుల్లను ఆ చిల్లులోకి తోసి, చేతిపంపుతో గాలి కొట్టుకుని కిందికి దిగిపోవచ్చు. ఈ చక్రాలను మామూలు క్లాసిక్‌కూ బుల్లెట్‌కూ కూడా ఇవ్వమని అడగడంలో అత్యాశ ఏమీ లేదు. కొత్త మోడల్ కోసం ఎదురుచూడకుండా తీర్చగల కోరిక ఇది.

ప్రశ్న: ఇంతమంది రాసినవి కంపెనీ దాకా పోతాయా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, నంద్యాల

జవాబు: కొన్ని పోయాయి. రెండు సిలిండర్ల క్లాసిక్ కావాలని అభిమానులు ఏళ్ల తరబడి అడిగారు, 2025లో క్లాసిక్ 650 వచ్చింది. హిమాలయన్‌కు ట్యూబ్‌లెస్ కావాలన్న కోరికా తీరింది. మీరు రాసేటప్పుడు ‘మంచి బండి తెండి’ అని ఊరుకోకుండా మీ ఎత్తు, మీ దారి, మీరు మోసే బరువు, ఏ ధర దాకా పెట్టగలరో స్పష్టంగా రాయండి. టెస్ట్ రైడ్ అయ్యాక షోరూంలో అభిప్రాయం అడిగితే ‘బాగుంది’ అని సంతకం పెట్టి రాకుండా, అవే వివరాలు అక్కడా రాసి ఇవ్వండి.