వరిగడ్డిని నేరుగా పెరటి మట్టిలో కలపవచ్చా?

ఎరువులకు కొరత వచ్చినప్పుడు ఊరికే దొరికే వరిగడ్డిని పెరటి కూరగాయలకు వాడుకోవచ్చు గాని, కుళ్లకుండా మట్టిలో కలపకూడదు. మట్టిపైన పరవాలి, లేదా కంపోస్టు చేసి వేయాలి. గడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని బహు తక్కువ కాబట్టి, దానిని మట్టిలో కలిపితే కుళ్లించే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మొక్కల వేళ్ల దగ్గరి నుంచే తీసుకుంటాయి, ఫలితంగా ముందు కింది ఆకులు పసుపుబారుతాయి. పైన పరచిన గడ్డి అడుగు పొరలోనే మట్టిని తాకుతుంది కనుక ఈ ఇబ్బంది దాదాపు ఉండదు.

వరంగల్ వైపు వానాకాలం కోతలయ్యాక మిగిలిన గడ్డిని వంగ మొక్కల చుట్టూ 2–3 అంగుళాల మందాన, కాండానికి నాలుగు వేళ్ల ఎడంగా పరిస్తే, ఏప్రిల్ ఎండల్లో సైతం ఆ పొర ఎత్తి చూసినప్పుడు మట్టి చెమ్మగా కనిపిస్తుంది. చెదలున్న పెరట్లో మాత్రం పొర పలచగా ఉంటేనే మేలు. కంపోస్టుకైతే గడ్డిని తరిగి, పెండ నీళ్లతో తడిపి, కూరగాయల తొక్కలతో కలిపి కుప్ప వేయాలి. కర్బనం నత్రజనికి సుమారు 30 రెట్లు ఉన్నప్పుడు కుప్ప బాగా కుళ్లుతుంది.

పసుపుబారిన మొక్కను చూసి తెగులనుకొని మందు కొట్టడం చాలామంది చేసే పొరపాటు. గడ్డిని కాల్చి బూడిద చల్లినా కంపోస్టు వేసినంత ఫలితమే ఉంటుందనుకోవడం ఇంకొకటి: బూడిదలో పొటాష్ మిగులుతుంది, నత్రజని చాలావరకు పొగతోనే పోతుంది.