చేపలో తగ్గిన క్యాన్సర్ మనిషిలోనూ తగ్గుతుందా?

అంగుళంన్నర చేపకి క్యాన్సర్ తెప్పించి, అందులో మనిషికి మందు వెతకడం ఏమిటి, ఆ ఫలితాలు నమ్మొచ్చా, ఆ చేపల్ని హింసించడం కాదా అని అడిగారు. ఆ చేప పేరు జీబ్రాఫిష్. నేను మూడేళ్లు జీబ్రాఫిష్ ల్యాబ్‌లో పని చేశాను. నమ్మొచ్చు, కానీ ఎంతవరకో తెలిసి నమ్మాలి.

ముందు పోలిక సంగతి. 2013లో ఈ చేప జన్యుక్రమం పూర్తి వివరాలతో వచ్చినప్పుడు, మన జన్యువుల్లో దాదాపు 70 శాతానికి అందులో జోడు ఉన్నట్టు తేలింది. క్యాన్సర్‌ని అడ్డుకునే పీ53 అనే జన్యువు కూడా వాటిలో ఉంది. చేపకి ఊపిరితిత్తులు లేవు, రొమ్ము లేదు, ప్రోస్టేట్ లేదు. అందుకని ఆ అవయవాల్లో క్యాన్సర్ ఎలా పుడుతుందో చేపలో చూడలేం. రక్తం, కాలేయం, పేగులు, చర్మానికి రంగునిచ్చే కణాలు మాత్రం ఉన్నాయి. జన్యువులు మార్చి 2003లో లుకేమియా అనే రక్త క్యాన్సర్‌ని, 2005లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌ని వీటిలో తెప్పించగలిగారు. ఆ మెలనోమాకి వాడినది మనుషుల మెలనోమాల్లో దాదాపు సగంలో కనిపించే బీరాఫ్ అనే జన్యువులోని మార్పునే.

పోలికే ముఖ్యమైతే ఎలుక మనకి ఇంకా దగ్గర. చేపతో వచ్చే లాభం వేరు. లోపల జరిగేది కంటికి కనిపిస్తుంది.

గుడ్డు ఫలదీకరణం చెందిన రెండో రోజుకి పిల్ల మూడు మిల్లీమీటర్లుంటుంది. గాజుపుల్లలా ఉంటుంది, గుండె కొట్టుకోవడం, రక్తం పరుగెత్తడం మైక్రోస్కోప్‌లో చక్కగా కనిపిస్తాయి. బయటి కణాల్ని గుర్తుపట్టి తరిమేసే రోగనిరోధక వ్యవస్థ తయారవడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది కాబట్టి మనిషి కణాలు పెట్టినా ఒంటికి పడతాయి. మత్తు కలిపిన నీళ్లలో పిల్లని పడుకోబెట్టి, వెంట్రుకకన్నా సన్నటి గాజు సూదితో, ఎర్ర రంగు పట్టించిన కొన్ని వందల క్యాన్సర్ కణాల్ని పచ్చసొన పక్కన వదులుతాం. మేం వాడిన రకం చేపల్లో రక్తనాళాలు ఆకుపచ్చగా వెలుగుతాయి. మొదటి నెలలో నేను పొడిచినవాటిలో చాలావరకు సొన చిట్లి చచ్చిపోయాయి. సూది దిగేటప్పుడు ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నాకే చెయ్యి కుదిరింది.

ఒక సాయంత్రం అలా పొడిచిన పిల్లని చూస్తుంటే, తోక చివర ఆకుపచ్చ నాళానికి ఆనుకుని ఒకే ఒక్క ఎర్ర చుక్క కనిపించింది. నేను దాన్ని అక్కడ పెట్టలేదు. సొన దగ్గర వదిలిన కణం రక్తంలో పడి, గుండె దాటి, అక్కడికి చేరింది. క్యాన్సర్ పాకడం అంటే ఏమిటో పుస్తకంలో ఎన్నోసార్లు చదివాను. ఆ చుక్కని చూసినప్పుడు ఒళ్లు జలదరించింది.

ఇంతకన్నా పెద్ద సంగతి 2016లో బోస్టన్‌లో లెనార్డ్ జాన్ బృందం చూపించింది. చేప ఒంట్లోని రంగు కణాలన్నిటిలోనూ క్యాన్సర్ తెచ్చే మార్పు ఉన్నా, నిజంగా క్యాన్సర్‌గా మారేవి ఒకటి రెండే. పిండంలో ఉన్నప్పటి స్థితికి వెనక్కి వెళ్లిన కణమే వెలిగేలా చేసి, ఆ ఒక్క కణం నుంచి మెలనోమా మొదలవడాన్ని చూశారు. ఎలుకలో దీన్ని ఇలా చూడటం చాలా కష్టం.

ఇక మందుల విషయానికొస్తే, ఇక్కడ నాకు గట్టి దెబ్బే తగిలింది. ఒక ప్లేటులోని చేప పిల్లలకి మందు వేసి, ఇంకో ప్లేటులోవాటికి వేయకుండా పోల్చి చూస్తే, మందు వేసినవాటిలో కణితి సగానికి తగ్గింది. వారం రోజులు సంబరంగా తిరిగాను. మా మేడమ్ ఒకటే అడిగారు: "రెండు ప్లేట్లూ ఒకే ఇంక్యుబేటర్లో పెట్టావా?" పెట్టలేదు. మనిషి కణాలకి 37 డిగ్రీలు కావాలి, చేపకి 28 చాలు, మేం 34 దగ్గర సర్దుకునేవాళ్లం. చోటు లేక మందు వేసిన ప్లేటుని 28లో పెట్టాను. కణాలు మందుకి కాదు, చల్లదనానికి పెరగలేదు. రెండూ ఒకేచోట పెట్టి మళ్లీ చేస్తే తేడా మాయమైంది. అప్పటి నుంచి "చేపల్లో క్యాన్సర్ మాయం" అని వార్త కనిపిస్తే, ముందు ఎన్ని డిగ్రీల దగ్గర చేశారో, తర్వాత ఎలుకల్లో ఎవరైనా చూశారో వెతుకుతాను. పైగా మందుని నీళ్లలోనే కలుపుతాం. పిల్ల ఒంట్లోకి ఎంత వెళ్లిందో తేలిగ్గా తెలియదు, కాబట్టి మనిషికి ఎంత మోతాదు ఇవ్వాలో అది చెప్పదు.

అలాగని దారి మూసుకుపోలేదు. రక్తాన్ని పుట్టించే మూలకణాల్ని, ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనే రసాయనం పెంచుతుందని 2007లో చేప పిండాల్లోనే కనిపెట్టారు. అది అక్కడి నుంచి, లుకేమియా లాంటి జబ్బులున్నవాళ్లకి బొడ్డుతాడు రక్తం ఎక్కించే క్లినికల్ ట్రయల్ దాకా వెళ్లింది. 2017లో పోర్చుగల్ శాస్త్రవేత్తలు పెద్దపేగు క్యాన్సర్ రోగుల కణితి ముక్కల్నే చేప పిల్లల్లో పెట్టి, ఏ కీమోకి లొంగుతుందో కొద్ది రోజుల్లోనే చూడొచ్చని చూపించారు. మీ ఇంట్లో ఎవరికైనా ఆ పరీక్ష చేయించాలని అనుకుంటుంటే, అది ఇంకా పరిశోధన దశలోదే. దాని కోసం ఇప్పుడు జరుగుతున్న చికిత్స ఆపొద్దు.

హింస గురించి. యూరప్ చట్టం ప్రకారం పిల్ల సొంతంగా తినే దశకి, అంటే సుమారు ఐదో రోజుకి వచ్చాక దానికి ప్రయోగ జంతువుల రక్షణ వర్తిస్తుంది. మేమూ చాలా ప్రయోగాలు ఆలోపే ముగించేవాళ్లం. చివర్లో మత్తు మోతాదు పెంచి, మైక్రోస్కోప్‌లో ఒక్కోదాని గుండె ఆగిందో లేదో చూసేవాళ్లం. ప్లేటుకి 96 గుంటలు. ఆ పని ఎప్పుడూ తొందరగా చేయలేదు.