షా మాటలు, షావో కాదో తెలియని మాటలు

ప్రశ్న: ఒక అందగత్తె “మనకు బిడ్డ పుడితే నా అందం, మీ తెలివి వస్తాయి” అంటే, నాటక రచయిత బెర్నార్డ్ షా “నా అందం, మీ తెలివి వస్తేనో?” అన్నారని చెబుతారు. ఇది నిజమేనా? ఆయన జీవితం గురించి చెప్పి, ముందుగా ఏది చదవాలో సూచించగలరు. – ఒక పాఠకురాలు

జవాబు: ఆ అందగత్తె పేరు చెప్పేవారిని బట్టి మారిపోతూ ఉంటుంది కనుక, దీన్ని షా మాటగా ఉదహరించడానికి నాకు మనసొప్పదు. పైగా ఆయనవేనని ధైర్యంగా చెప్పదగిన మాటలు ఇంతకంటే గొప్పవి. 1894లో లండన్‌లో ఆయన నాటకం ‘ఆర్మ్స్ అండ్ ది మాన్’ తొలి ప్రదర్శన ముగిశాక, రచయితను చూడాలని ప్రేక్షకులు చప్పట్లతో పిలిస్తే షా వేదిక మీదికి వచ్చారు. అంత హర్షధ్వానాల మధ్య గ్యాలరీ నుంచి ఒకే ఒక్కడు బిగ్గరగా నిరసన తెలిపాడు. షా అతని వైపు చూసి, “మిత్రమా, నేనూ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, కానీ ఇంతమంది ముందు మనమిద్దరం ఏం చేయగలం?” అన్నారు. తనను ఈసడించినవాణ్ణి కించపరచకుండా తన పక్షాన చేర్చుకోవడంలోనే ఆ మాట అందమంతా ఉంది. నిజం చెప్పడమే తన హాస్యమని ఆయన రాసిన ‘జాన్ బుల్స్ అదర్ ఐలాండ్’ నాటకంలో ఒక పాత్ర అంటుంది; షాకు కూడా అది అక్షరాలా వర్తిస్తుంది.

ఆయన 1856 జూలై 26న డబ్లిన్‌లో పుట్టారు. తండ్రి ధాన్యం వ్యాపారి. ఆయన తాగుడు చూస్తూ పెరిగిన కొడుకు జీవితాంతం మద్యం ముట్టలేదు. పదిహేనేళ్లకే గుమాస్తాగిరిలో చేరి, 1876లో అది వదిలేసి లండన్ వెళ్లి, సంగీతం నేర్పే తల్లి నీడన ఉంటూ, బ్రిటిష్ మ్యూజియం పఠన మందిరంలో చదువుకుంటూ అయిదు నవలలు రాస్తే, ప్రచురణకర్తలు వాటిని వరసగా తిప్పి పంపారు. సంగీత, నాటక విమర్శలతో పేరు వచ్చింది ఆ తరవాతే. 1925 సంవత్సరపు నోబెల్ బహుమతి గౌరవాన్ని స్వీకరించి, సొమ్మును మాత్రం స్వీడిష్ సాహిత్యాన్ని ఇంగ్లీషులోకి తేవడానికి కేటాయించారు. 1950లో, తోటలో పడిపోయిన కొన్ని వారాలకు, 94వ ఏట కన్నుమూశారు. ఇంగ్లీషుకు ఉచ్చారణను అనుసరించే కొత్త లిపి కావాలని వీలునామాలో సైతం రాశారంటే, భాష గురించి ఆయన ఎంత తపించారో ఊహించవచ్చు.

అందుకే మీరు ముందుగా ఆయన నాటకం ‘పిగ్మాలియన్’ చదవండి. పూలమ్ముకునే పిల్ల ఉచ్చారణ మారగానే సమాజం ఆమెను చూసే తీరు మారిపోవడం అందులోని కథ. ముందుమాటను మాత్రం దాటవేయకండి. షా ముందుమాటల్లోనూ నాటకాల్లో ఉన్నంత పదును ఉంటుంది.