ఇంజను కారుతుందా, ఓడుతుందా?

సందేహం: మాది హైదరాబాదులో నాచారం. పాతికేళ్లు దాటిన మా కారులో ఇంజను పైమూత (టాపెట్ కవరు) అంచు వెంట నూనె వస్తుంటే, రాణీగంజ్ నుంచి కొత్త ప్యాకింగు (గ్యాస్కెట్) తెచ్చి ఇంటి దగ్గరే మార్చుకున్నాను. ఆ పని ఎలా చేశానో మా కాలనీ సంఘం పత్రికకు రాసి పంపాను. నేను ‘టాపెట్ కవరు దగ్గర ఇంజను కారుతోంది’ అని రాస్తే, సంపాదకులు దానిని ‘వాల్వ్ కవర్ రబ్బరు పట్టీ వద్ద చమురు లీకేజీ జరుగుతోంది’ అని దిద్దారు. కారేది నూనె గాని ఇంజను కాదు కదా అని వారి వాదన. మా వీధి మెకానిక్ అయితే ‘ఉరుస్తున్నది’ అన్నాడు. వీటిలో ఏది ఒప్పు? గ్యాస్కెట్‌కు మంచి తెలుగు మాట ఉందా? ‘టాపెట్’ అని రాయాలా, ‘ట్యాపెట్’ అనా? వ్యాసం ప్రతిని జతపరుస్తున్నాను.

సమాధానం: మీ వాక్యంలో దోషం లేదు. కారేది నూనే అయినా, ఇంజను కారుతోందనడానికి తెలుగులో పూర్తి అనుమతి ఉంది. ముక్కు కారుతోందని మీ సంపాదకులు కూడా అంటారు గాని, ముక్కు నుంచి చీమిడి కారుడు జరుగుతోందని అనరు గదా. కుళాయి కారుతుంది, కుండ కారుతుంది, పొయ్యి మీద పాలు పొంగితే గిన్నె పొంగిందంటాం. వానకు పైకప్పులోంచి నీళ్లు పడుతుంటే కోస్తావారు ఏకంగా ‘ఇల్లు కురుస్తోంది’ అంటారు, అంటే మేఘం చేయవలసిన పనిని ఇంటికి అంటగట్టి మాట్లాడతారు. లోపల ఉన్నదాని పనిని, అది ఉన్న చోటికి ఆపాదించి చెప్పడం మన భాషకు పుట్టుకతో వచ్చిన అలవాటు. సంస్కృత శాస్త్రకారులు ‘మంచాః క్రోశంతి’ అనే ఉదాహరణతో దీనిని ఏనాడో సమర్థించారు. అరిచేది మంచాల మీద ఉన్న మనుషులే అయినా మంచాలు అరుస్తున్నాయనడం వారికి తప్పుగా తోచలేదు. మంచాలు అరవగా లేనిది ఇంజను కారితే వచ్చిన నష్టమేమిటి?

ఇక సంపాదకులవారి వాక్యం సంగతి. ‘లీకు’ అనే మాటతో నాకు పేచీ లేదు. అది పైపుల వెంట, పరీక్ష ప్రశ్నపత్రాల వెంట మన ఇళ్లలోకి వచ్చి స్థిరపడిపోయింది, ‘లీకవుతోంది’ అంటే అర్థం కానివారు లేరు. నా బాధంతా ఆ ‘జరుగుతోంది’తోనే. పెళ్లి జరుగుతుంది, జాతర జరుగుతుంది, విచారణ జరుగుతుంది. నూనె కారడానికి ముహూర్తం పెట్టి జరిపించేవారెవరు? ఈ ‘జరుగు’ జాడ్యం ప్రభుత్వ ప్రకటనలలో మొదలై, వార్తలలోకి దిగి, ఇప్పుడు కాలనీ పత్రికల దాకా పాకింది. మీ వ్యాసంలోనూ ఒకచోట ‘బోల్టులను గట్టిగా బిగించడం జరిగింది’ అని కనిపించింది కాబట్టి, మీకు పూర్తిగా మార్కులు వేయలేకపోతున్నాను. మీరు బిగించారు, ‘బిగించాను’ అని రాయండి. ఆ ‘గట్టిగా’ గురించి తరువాత చెబుతాను.

మీరు చేసిన పనిని దృష్టిలో పెట్టుకుని చూస్తే, తెలుగు క్రియలు ఎంత సూక్ష్మంగా పనిచేస్తాయో తెలుస్తుంది. ఇంజను తలభాగం మీద కూర్చునే ఆ మూతకూ, తలభాగానికీ మధ్య ఉండే ప్యాకింగు ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ గట్టిపడి, సాగే గుణం పోగొట్టుకుంటుంది. అప్పుడు మొట్టమొదట కనిపించేది ధార కాదు, అంచు పొడుగునా పలచని తడి, ఆ తడికి అంటుకున్న రోడ్డు దుమ్ము, రెండూ కలిసి కట్టిన నల్లటి మడ్డి. ఈ దశకు తెలుగులో ‘చెమర్చు’ అనే చక్కని మాట ఉంది. కళ్లు చెమర్చినట్టే లోహమూ చెమరుస్తుంది. ఆ తడి బొట్టుగా మారి పక్క గోడ మీదుగా కిందికి దిగినప్పుడు ‘కారు’తుంది. కారిన నూనె, పొగ బయటికి పోయే గొట్టాల మీద పడి మాడితే, సిగ్నలు దగ్గర ఆగినప్పుడు కారు లోపలికి మాడు వాసన వస్తుంది. కొన్ని ఇంజన్లలో స్పార్కు ప్లగ్గులు ఆ మూత నడిమి నుంచే లోపలికి దిగుతాయి. అక్కడి రబ్బరు చుట్లు కూడా గట్టిపడితే ప్లగ్గు గుంతల అడుగున నూనె చేరుతుంది, ఇంజను తడబడుతూ నడుస్తుంది. చెలమలో నీరు చేరినట్టు మెల్లగా చేరేదానికి ‘కారు’ కంటే ‘ఊరు’ అనడమే సొంపు. ఇంజను లోపలి ఆవిరులు బయటికి పోయే వాల్వు మడ్డి పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి నూనె సందులలోంచి తోసుకు వస్తుంది. అది కారడం కాదు, ‘ఉబకడం’. ఈ తేడా కేవలం భాషా విలాసమని తీసిపారేయకండి. ఉబుకుతున్నదానిని కారుతోందనుకుని ప్యాకింగు ఒక్కటీ మార్చి ఊరుకుంటే, కొత్త ప్యాకింగు దగ్గర కూడా నూనె మళ్లీ తోసుకొస్తుంది. గరాటు లేకుండా నూనె పోసినప్పుడు మూత మీద ‘ఒలికిన’ నూనెను చూసి ప్యాకింగు పోయిందని కంగారుపడేవారూ ఉన్నారు. వారు ముందుగా గుడ్డతో తుడిచి, కొన్ని రోజులు నడిపి చూడాలి. ఇన్ని క్రియలను ఒక్క ‘లీకేజీ’ కింద పాతిపెట్టడం నాకు నచ్చదు.

‘స్రవించు’ను దేహానికి, గ్రంథులకు వదిలేద్దాం.

మీ మెకానిక్ అన్న ‘ఉరుస్తున్నది’ మాటను ఎవరూ చిన్నచూపు చూడకూడదు. తెలంగాణలో వానాకాలం వస్తే ఇల్లు ఉరుస్తుంది, బడి గది ఉరుస్తుంది. కోస్తాలో కురిసే ఇల్లూ తెలంగాణలో ఉరిసే ఇల్లూ ఒకటే. పైకప్పుకు వాడే మాటను ఇంజను మూతకు వాడటం కొంచెం కొత్తగా ఉన్నా, మూత కూడా ఒక కప్పే కదా అనుకుంటే అభ్యంతరం కనిపించదు.

ఇప్పుడు నా మనసులోని మాటకు వస్తాను. ఇలాంటి సందర్భానికి మన దగ్గర వీటన్నింటికంటే పాతదీ, అచ్చంగా సరిపోయేదీ ఇంకొక క్రియ ఉంది. అది ‘ఓడు’. ఈ మాట వినగానే ఇప్పటివారికి ఎన్నికలో, ఆటలో ఓడిపోవడమే గుర్తుకొస్తుంది. కాని పాత నిఘంటువులు దీనికి ‘స్రవించు’ అనే అర్థాన్ని కూడా ఇచ్చాయి. ఆ అర్థం చచ్చిపోలేదు, ఒక సమాసంలో తలదాచుకుని బతికే ఉంది. రోడ్డు ప్రమాదాలు ఎక్కువైన రోజున పత్రికలలో ‘నెత్తురోడిన రహదారి’ అని శీర్షిక కనిపిస్తుంది. అక్కడ రహదారి ఎవరి చేతిలో ఓడింది? ఎవరి చేతిలోనూ కాదు. దాని మీద నెత్తురు కారింది. ఆ శీర్షిక పెట్టే ఉపసంపాదకుడు తనకు తెలియకుండానే ప్రాచీనమైన క్రియను రోజూ బతికిస్తున్నాడు. అంతేకాదు, నెత్తురు కారిన చోటునే కర్తగా నిలబెట్టి, మీ ‘ఇంజను కారుతోంది’ వాక్యానికి సాక్ష్యం పలుకుతున్నాడు.

కారడానికీ ఓటమికీ ఏమిటి చుట్టరికం? తమిళంలోను, కన్నడంలోను ‘ఓడు’ అంటే పరుగెత్తడం. తెలుగు ఆ అర్థాన్ని వదులుకుంది. మనం పరుగెత్తుతాం, తెలంగాణలో ఉరుకుతాం, ఓడం. కాని పరుగు అనే మూలార్థం నుంచి రెండు కొమ్మలు చీలినట్టు నాకు తోస్తుంది. పాత్రలోని నీరు పరుగుతీస్తే అది కారడం. యుద్ధంలో మనిషి పరుగుతీస్తే అది అపజయం. పాత కావ్యాలలో ‘ఓడక’ అంటే జంకకుండా అని అర్థం రావడం కూడా ఈ రెండో కొమ్మకు పూసిన పువ్వే. భయపడినవాడే గదా పరుగెత్తేది. ఇదంతా ఊహాగానమని ఎవరైనా అంటే, వారికి ‘పాఱు’ అనే క్రియను చూపిస్తాను. పాతకాలంలో పాఱడం అంటే పరుగెత్తడమే. నేడు శకటరేఫ (బండి ‘ఱ’) పోయి ‘పారు’గా మిగిలిన ఆ క్రియలో కాలువ పారుతుంది, పిరికివాడు పారిపోతాడు. ఒకే పరుగు నీటికి ప్రవాహమూ మనిషికి పలాయనమూ అయింది. ‘పాఱు’ నడిచిన దారిలోనే ‘ఓడు’ కూడా నడిచిందనుకోవడంలో సాహసమేమీ లేదు. అయినా నిరూపించానని చెప్పను, మొగ్గు అటువైపే ఉందంటాను.

‘ఓటికుండకు మోత ఎక్కువ’ అనే సామెతలోని ‘ఓటి’ కూడా ఈ ఓడుకు సంబంధించినదేనని నా అభిప్రాయం. నాడు నాటి అయినట్టు, కాడు కాటి అయినట్టు ఓడు ఓటి అయింది. పెంకు అనే అర్థంలో ఉన్న ‘ఓడు’ నుంచి వచ్చిందనే వాదానికి కూడా చోటుంది, దానిని తోసిపుచ్చను. ఈ సామెతను ‘వట్టి కుండ’గా మార్చి పలికేవారు ఎక్కువవుతున్నారు. వట్టి కుండ మోగుతుంది, నిజమే, కాని చిల్లిపడిన కుండ చేసే బొంగురు మోతలోని వెక్కిరింపు అందులో రాదు. ‘ఓటు’ అంటే పగులు, లోపం అన్న సంగతి ఎన్నికల ఓటు వచ్చాక జనం మరిచిపోయారు. ఈ పోలిక మీద ఛలోక్తులు విసిరే అవకాశాన్ని పాఠకులకే వదిలేస్తున్నాను. ‘ఓడ’ను కూడా ఇందులోకి లాగాలని కొందరికి సరదా. ఓడుతూ పోతే ఓడ మునుగుతుంది కాబట్టి నేను ఆ జోలికి పోను.

ఇంతా చెప్పి, మీ వ్యాసంలో ‘ఇంజను నూనె ఓడుతోంది’ అని రాయమంటానా? రాస్తే నేను సంతోషిస్తాను, మీ కాలనీవారు నవ్వుతారు. నెత్తురుకు చెల్లిన మాట నూనెకు చెల్లకూడదన్న నియమం లేకపోయినా, వాడుక పెద్ద న్యాయమూర్తి. ‘కారుతోంది’ నిర్దుష్టం, ‘ఉరుస్తున్నది’ ఆమోదయోగ్యం, ‘ఓడుతోంది’ ధైర్యవంతులకు.

గ్యాస్కెట్‌కు తెలుగు మాట అడిగారు. ‘రబ్బరు పట్టీ’ అన్నది యంత్రానువాదం చేతిలో పడి వ్యాపించిన మాట. దానిని వద్దనడానికి కారణం ఛాందసం కాదు, ఆ మాట అబద్ధమాడుతుంది. పాతకాలపు బండ్లలో ఈ ప్యాకింగును బెండుతో కూడా చేసేవారు. బెండును రబ్బరంటే ఎలా? చిల్లుపడ్డ ఇత్తడి గిన్నెకు వేసే ‘మాటు’ అనే మాటను ఇక్కడికి తెద్దామంటే, మాటు అతికి శాశ్వతంగా ఉండిపోయేది. ఇదేమో విప్పి మళ్లీ బిగించే రెండు అంచుల నడుమ నలిగేది. ‘కుండ చిల్లిపడిన గుడ్డ దోపగ వచ్చు’ అన్నాడు వేమన. కారేదానిని ఆపడం గురించి తెలుగులో ఇంతకంటే సూటిగా చెప్పిన పాదం నాకు తెలియదు. అందులోని ‘దోపు’ ఎంత గడుసు క్రియో చూడండి, సందులోకి వేలితో కుక్కినట్టే ఉంటుంది. కాని అది చిల్లికి చికిత్స. ప్యాకింగును దోపరు, గాడిలో పరుస్తారు. పాత ప్యాకింగు పెచ్చులు గీకి తీసి, రెండు అంచులూ నూనె జిడ్డు లేకుండా తుడిచి, మూలలు కలిసే చోట మాత్రం కొద్దిగా సిలికాను రాసి, కొత్తదానిని మడత పడకుండా పరిచానని మీరు వరుసగా రాశారు. ఆ భాగం మీ వ్యాసంలో అన్నింటికంటే తేటగా ఉంది, అక్కడ ఒక్క ‘జరిగింది’ కూడా లేదు. కాబట్టి మెకానిక్కుల ‘ప్యాకింగు’నే ఉంచండి. ‘గ్యాస్కెట్’ అన్నా తప్పులేదు. ప్రెషర్ కుక్కరు పుణ్యమా అని ఆ మాట మన వంటింటిదే అయింది. పాఠ్యపుస్తకాలలో వాల్వుకు ‘కవాటం’ ఉంది, గుండెకు అది చక్కగా కుదిరింది. కాని రాణీగంజ్‌కు వెళ్లి ‘కవాటాచ్ఛాదనము’ ఇమ్మని అడిగితే దుకాణదారు మిమ్మల్ని దేవుడి పటాల కొట్టుకు పంపిస్తాడు.

ఒక్క మాట ‘నూనె’ గురించి. నువ్వుల నెయ్యి నూనె అయిందని అందరికీ తెలుసు. భూమిలోంచి తీసిన ఖనిజ తైలానికి ఆ పేరు పెట్టడం శాస్త్రప్రకారం వింతే. అయినా ‘చమురు’ అని దిద్దినందువల్ల మీ వాక్యానికి ఒరిగింది లేదు. రెండూ నడుస్తాయి.

‘గట్టిగా బిగించడం’ సంగతి చెబుతానన్నాను. ‘జరిగింది’ తీసేశాక కూడా ఆ ‘గట్టిగా’ నాకు నచ్చలేదు, ఈసారి వ్యాకరణ కారణంతో కాదు. ఆ మూత బోల్టులకు చాలా కార్లలో సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. నడుమ నుంచి మొదలుపెట్టి, ఎదురెదురు బోల్టులను విడతలు విడతలుగా బిగిస్తూ అంచులకు పోవాలి. బలమంతా చూపిస్తే మూత వంగుతుంది, ప్యాకింగు నలిగి పక్కకు జరుగుతుంది, మీరు మళ్లీ ఏ క్రియ వాడాలో అడుగుతూ నాకు ఉత్తరం రాయవలసి వస్తుంది. ‘సమంగా బిగించాను’ అని రాయండి. మీ కారుకు ఎంత బిగువు కావాలో దాని సర్వీసు మాన్యువలులో చూసుకుని ఆ అంకెనూ వేయండి.

ఇక టాపెట్, ట్యాపెట్. ఇంగ్లీషు నుంచి వచ్చిన ఈ అచ్చుకు ‘బ్యాంకు’లో య-వత్తు ఇచ్చాం, ‘టాక్సీ’లో ఇవ్వలేదు. ‘ట్యాక్సీ’ రాసేవారూ ఉన్నారు. మెకానిక్కుల నోట ఎక్కువగా వినిపించేది ‘టాపెట్’ కాబట్టి నేనైతే అదే రాస్తాను, మీ సంపాదకులు ‘ట్యాపెట్’ అంటే తగాదా పడవద్దు.